బెరెగ్ జిల్లా మనిషికి అరవై నిండేదాకా

తెలుగువాళ్లకి ఒక జబ్బు ఉంది. కొత్త మనిషి ఎదురుపడితే పేరు అడిగిన మరుక్షణం "మీదే జిల్లా?" అంటారు. అది తేలితే గానీ మాట ముందుకు సాగదు. ఇక్కడ మిల్టన్ కీన్స్‌లో ఇండియన్ షాపులో బెండకాయలు ఏరుకుంటున్నప్పుడు వెనకాల తెలుగు వినబడితే చాలు, నేనూ అదే అడుగుతాను. మా అమ్మాయికి తలవంపులు. "మమ్, యూ కాంట్ జస్ట్ ఆస్క్ పీపుల్ దట్," అని నాతో సంబంధం లేనట్టు పాల ఫ్రిజ్ వైపు జరిగిపోతుంది.

ఉక్రెయిన్ నుంచి వచ్చినావిడ మా ఇంట్లో దిగిన రోజున కూడా నా నోరు ఊరుకోలేదు. యుద్ధం నుంచి వచ్చేవాళ్లకి గది ఇవ్వగలిగినవాళ్లు ముందుకు రమ్మని ప్రభుత్వం అడిగినప్పుడు మా ఆయన నాకు మాటమాత్రంగా చెప్పి మా పేరు ఇచ్చేశారు. కౌన్సిల్ నుంచి ఒకామె వచ్చి మంచం చూసి, పొగ అలారం నొక్కి చూసి వెళ్లింది. కొన్ని వారాలకి ఒకే ఒక్క పెట్టెతో ఈవిడ దిగింది. యాభై దాటిన మనిషి. పొట్టి జుట్టు, పని చేసి చేసి బండబారిన పెద్ద చేతులు. టీ ఇంకా పొంగకముందే అడిగేశాను, అక్కడ మీది ఏ జిల్లా అని.

"బెరెగ్," అంది.

ఫోనులో ఉక్రెయిన్ మ్యాపు తీసి వెతికాను. ఉత్తరం నుంచి దక్షిణం దాకా జరిపి చూశాను. "కనబడట్లేదండీ," అన్నాను.

"కనబడదు. నేను పుట్టకముందే తీసేశారు," అంది ఆవిడ, కప్పు రెండు చేతులతో పట్టుకుని. "కానీ నువ్వు అడిగింది అదే కదా. మా ఇంట్లో అందరం బెరెగ్ వాళ్లమే."

అలా మొదలైంది మా స్నేహం. తమ భాషలో పెద్దావిడల్ని 'నేని' అంటారని చెప్పింది. ఆ భాష ఉక్రెయిన్‌ది కాదు, హంగరీది. ఇక్కడ మేం కనబడిన పెద్దవాళ్లందరినీ ఆంటీ, అంకుల్ అని పిలిచినట్టే అదీ. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆవిడ నేని అయింది. నాకూ నేని, మా ఆయనకీ నేని, ఫోనులోంచి తలెత్తని మా అమ్మాయికీ నేని.

బెరెగ్ ఎలా ఉంటుందో ఒక ఆదివారం మా వంటింటి బల్ల మీద చూశాను. ఉడికించిన బంగాళాదుంపలు మెదిపి పిండిలో కలిపి ఉండలు చేస్తానంది. మైదా బల్ల మీద చల్లి, నేను మళ్లీ అదే అడిగేసరికి, ఆ పిండిలోనే వేలితో గీసింది. పొడుగ్గా, ఏటవాలుగా ఉంది జిల్లా. ఫ్రిజ్ వైపు చివర కార్పాతియన్ కొండలు, అడవులు, ఎలుగుబంట్లు. మధ్యలో ముంకాచ్ అనే ఊరు, దాని నెత్తిన కోట. సింకు వైపుకి వచ్చేసరికి నేల చదునైపోయి, తిసా అనే నది. నదికి ఇవతల వాళ్ల ఊరు బెరెగ్‌సాస్. ఊరు దాటగానే ద్రాక్షతోటల గుట్టలు. ఆ గుట్టల్లో ఒకదాని మీద వాళ్లకి కొన్ని వరసల ద్రాక్ష ఉంది. కొండల్లో ఉన్నవాళ్లది ఒక భాష, మైదానంలో వాళ్లది ఒక భాష, బజారులో ఇద్దరికీ రెండూ వచ్చు.

"మీ జిల్లాలో ఎన్ని దేశాలు?" అని మా ఆయన వేళాకోళం చేశారు.

ఆవిడ నవ్వలేదు. వరసగా చెప్పుకుంటూ పోయింది. నాయనమ్మ పుట్టినప్పుడు హంగరీ రాజ్యం. నడక నేర్చేసరికి చెకోస్లోవేకియా. పెళ్లీడుకి మళ్లీ హంగరీ. బిడ్డల తల్లయ్యేసరికి సోవియట్ యూనియన్. పోయేనాటికి ఉక్రెయిన్. ఇల్లు మారలేదు, వీధి మారలేదు, వీధి పేరు మాత్రం వచ్చినవాడల్లా మార్చాడు. ఒకప్పుడు ఊళ్లో యూదులు చాలామంది ఉండేవారట. రెండో ప్రపంచయుద్ధంలో హంగరీ వాళ్ల ఏలుబడిలోనే వాళ్లని రైళ్లెక్కించి పంపేశారు, దాదాపు ఎవరూ తిరిగి రాలేదు. వాళ్ల ప్రార్థనామందిరం చుట్టూ తర్వాత వచ్చిన ప్రభుత్వం సిమెంటు గోడలు కట్టి సాంస్కృతిక భవనం చేసింది. "నేను చిన్నప్పుడు అందులో డాన్సు చేశాను," అంది నేని. "లోపల ఏముందో పెద్దయ్యాక తెలిసింది." జిల్లాలో ఓ చిన్న ముక్క మాత్రం సరిహద్దుకి అవతల హంగరీలో మిగిలిందట. అక్కడ ఇంకో పెద్ద జిల్లా పేరు చివర తోకలాగా బెరెగ్ అనే మాట ఇప్పటికీ వేలాడుతోందట.

ఆ మాటకి మా జిల్లా సంగతి ఎత్తబోయాను. మాది నూజివీడు. కృష్ణా జిల్లాలో పుట్టి పెరిగాను. ఈ మధ్య జిల్లాలు విడగొట్టినప్పుడు మమ్మల్ని ఏలూరులో కలిపారని మా వాట్సాప్ గ్రూపుల్లో ఎంత ఏడిచామో చెప్పలేను. మామిడిపళ్ల దగ్గర్నుంచి మర్యాదల దాకా అన్నీ పోయినట్టు మాట్లాడుకున్నాం. నేని చెబుతున్నది వింటూ ఉంటే నా బాధ నాకే నవ్వులాటగా అనిపించి నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకోవడం మా ఇంట్లో పండగ లాంటిదని మా ఆయన ఇప్పటికీ అంటారు.

ఆవిడ చేతి గడియారం మా టైముకి మార్చలేదు. అది ఉక్రెయిన్ టైము కూడా కాదు. వాళ్ల ఊళ్లో ఆఫీసులు, బస్సులు కీవ్ టైము ప్రకారం నడుస్తాయట, ఇళ్లల్లో మాత్రం ఒక గంట వెనక్కి, హంగరీలోని బుడాపెస్ట్ టైము. పెళ్లికి పిలిస్తే "ఎవరి టైము?" అని అడిగి వెళ్లాలి. ఇంతకంటే మొండి జనాన్ని నేను చూడలేదు.

ఇంతకీ ఆవిడ గుండెల్లో ఉన్నది ఒకటే. భర్త. పద్దెనిమిదికీ అరవైకీ మధ్య వయసు మగవాళ్లు దేశం దాటకూడదు, ఎప్పుడైనా సైన్యంలోకి పిలవచ్చు. ఆయనకి అరవై ఇంకా నిండలేదు. నిండేదాకా ఎవరి కంటా పడకూడదు. తోటలోకి పనికి వెళ్తే రోడ్డు మీద నుంచి కాదు, ద్రాక్షతీగల మధ్య నుంచి వెళ్లేవాడు. బజారుకి పోవడం మానేశాడు. నడుము నొప్పి ఉన్నా డాక్టరు దగ్గరకి పోలేదు, దారిలో కాగితాలు చూపించమంటారని. నేని మొదట సరిహద్దు అవతల చుట్టాల ఇంట్లో ఉంది. కానీ వాళ్ల కిటికీలోంచి తమ గుట్ట కనబడేదట. నిద్ర పట్టేది కాదు. ఇంకా దూరం పోతే నయమని ఇక్కడికి వచ్చింది.

ఒకరోజు బట్టలు మడత పెడుతూ చెప్పింది. రెండో ప్రపంచయుద్ధం చివర సోవియట్ సైన్యం వచ్చినప్పుడు హంగరీ భాష మాట్లాడే మగవాళ్లందరినీ మూడు రోజుల చిన్న పని ఉంది రమ్మన్నారు. ఆవిడ తాతయ్య కూడా వెళ్లాడు. నాయనమ్మ మూడు రోజులకి సరిపడా రొట్టె కాల్చి గుడ్డలో కట్టి ఇచ్చింది. గుమ్మంలో నిలబడి, వీధి మలుపు తిరిగేదాకా చూసింది. కొండల దారిలో ఉన్న శిబిరంలో జ్వరంతో పోయాడని చాలా కాలానికి ఎవరో వచ్చి చెప్పారు. "నాయనమ్మ ముసలిదయ్యాక కూడా ఆ గుమ్మంలో నిలబడేది కాదు. లోపలికైనా వచ్చేది, బయటికైనా పోయేది," అంది.

"మరి ఈయన సంగతి..." అని ఏదో అనబోయాను.

"మా వీధిలో ఇద్దరు కుర్రాళ్లు యుద్ధంలో పోయారు," అని నా మాటకి అడ్డం వచ్చింది. "నా మొగుడికి ఏమీ కాకూడదని ఆ తల్లుల ముందు అనలేను. ఇక్కడ నీ ముందు అనగలను." నేను మడత పెట్టిన తువ్వాలే విప్పి మళ్లీ మడత పెట్టాను.

అరవై అనే మాట మా తెలుగు ఆడవాళ్ల చెవిన పడితే ఊరుకుంటారా? మా వీధి చివర తెనాలి ఆంటీ ఉంటారు. మనిషి బంగారం, కానీ పేరంటానికి పిలవకపోయినా పసుపు కుంకాలతో తయారు. నేని కథ విని కళ్లొత్తుకుని, "అరవై అంటే గండమేనే తల్లీ, మన పెద్దవాళ్లు ఊరికే పెట్టారా షష్టిపూర్తి? గండం గడిచినందుకే మళ్లీ పెళ్లి. ఆయన రాగానే ఇద్దరికీ మన పద్ధతిలో చేసేద్దాం. పీటలూ దండలూ అన్నీ నేను చూసుకుంటా," అన్నారు.

నేనికి వివరించాను. అరవై ఏళ్ల మొగుడు పాత పెళ్లాన్నే మళ్లీ పెళ్లి చేసుకుంటాడంటే మొదటిసారి పకపకా నవ్వింది. "వేరే ఎవరూ దొరకరు కదా అప్పటికి," అంది. ఆ నవ్వు చూసి మేమంతా రెచ్చిపోయాం. ఆయన రావడం, ఇక్కడే ఉండిపోవడం, గిడ్డంగుల్లో ఏదో తేలిక పని దొరకడం, అంతా మా నోళ్లతోనే ఖాయం చేసేశాం. మా ఆయన అయితే డబుల్ మంచం కోసం గది కొలతలు కూడా తీసుకున్నారు.

తెనాలి ఆంటీ అక్కడితో ఆగలేదు. స్లౌలో ఉండే పంతులుగారికి వీడియో కాల్ చేశారు. నేని భర్త పుట్టిన ఊరు, టైము చెప్పమన్నారాయన. చిక్కు అక్కడే వచ్చింది. నేనిని అడిగితే, సర్టిఫికెట్టులో ఉన్నది సోవియట్ కాలం నాటి మాస్కో టైము, తల్లి చెప్పింది ఇంటి టైము. రెంటికీ రెండు గంటల తేడా. "ఇంతకీ అది ఏ దేశమమ్మా?" అని పంతులుగారు విసుక్కుని, చివరికి తిథి ఎటు తిప్పినా ఒకటేనని తేల్చారు. ఆ తిథి ఇంగ్లీషు తారీఖు కంటే దాదాపు వారం ముందు వచ్చింది.

"ఆయన వచ్చాక పెద్దగా చేద్దాం. తిథి నాడు మాత్రం దీపం వెలిగించి ఆయుష్షు కోసం చదివిద్దాం," అన్నారు ఆంటీ. మంచి మాటే కదా అనుకున్నాను. నేనికి మాత్రం సర్‌ప్రైజ్ అన్నారు. ఈ సర్‌ప్రైజుల పిచ్చి మనవాళ్లకి ఇక్కడికి వచ్చాకే పట్టుకుంది.

శనివారం మధ్యాహ్నం మా హాలు నిండిపోయింది. పులిహోర, రవ్వకేసరి, కిచెన్‌లో మూడు మూకుళ్లలో గారెలకి బదులు ఫ్రోజెన్ సమోసాలు. నేనికి పట్టుచీర కట్టించి పీట మీద కూర్చోబెట్టారు. పక్క పీట ఖాళీగా ఉంటే బాగుండదని ఎవరో టాబ్లెట్ తెచ్చి దిండుకి ఆనించి ఆయనకి వీడియో కాల్ కలిపారు. ఎర్రటి మొహం, తెల్లటి మీసం, వెనకాల వంటింటి గోడ. ఇంతమంది ఆడవాళ్లని చూసి ఆయన బిత్తరపోయి చెయ్యి ఊపాడు. ఆంటీ ఈస్ట్ హామ్ నుంచి తెప్పించిన బంతిపూల దండలు రెండూ తీశారు. ఒకటి నేని మెడలో వేశారు. రెండోది, ఆ ఊపులో, టాబ్లెట్‌కి వేసేశారు.

సరిగ్గా అప్పుడే బొమ్మ నిలిచిపోయింది. అక్కడ కరెంటు పోయిందో, ఇక్కడ మా ఇంటర్నెట్ పోయిందో తెలియదు. కళ్లు సగం మూసుకున్న మొహం, కదలిక లేకుండా, చుట్టూ బంతిపూల దండ, ముందు దీపం.

హాల్లో ఉన్న తెలుగు ఆడవాళ్లం అందరం ఒకేసారి ఆ మొహం చూశాం. ఫొటోకి దండ ఎప్పుడు వేస్తామో మాకు ఒకరు చెప్పాలా? పాట పాడుతున్నావిడ గొంతు మధ్యలోనే ఆగిపోయింది. నేను ఒక్క అంగలో వెళ్లి దండ లాగి పారేశాను. పూలు రాలి దీపం ఆరిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో అప్పుడు అర్థమైంది. ఆంటీ "నా చేతులు పడిపోను, నా చేతులు పడిపోను," అని నోట్లోనే అనుకుంటున్నారు.

నేని మమ్మల్ని చూడలేదు. దండ సంగతి ఆవిడకి తెలియదు. "ఇదంతా దేనికి?" అని అడిగింది నన్ను. షష్టిపూర్తి, ఆయన అరవయ్యో పుట్టినరోజు, మా లెక్కలో ఇవాళే, అన్నాను. ఆవిడ పీట మీద నుంచి లేచింది. చీర కుచ్చిళ్లు కాళ్లకి అడ్డం పడుతుంటే చేత్తో పట్టుకుని నిలబడింది.

"ముందే చేశారా? మా దగ్గర పుట్టినరోజు ముందుగా చెప్పరు. ముందుగా శుభాకాంక్షలు చెబితే ఆ రోజు రాదు," అంది. గొంతు పెంచలేదు. మెడలో దండ తీసి బల్ల మీద పెట్టి మేడ మీదకి వెళ్లిపోయింది.

రెండు దేశాల దిగుళ్లు ఒకే హాల్లో. ఒకళ్ల భయం ఇంకొకళ్లకి తెలియదు. ఆవిడ భయం మావాళ్లకి చెప్పాను గానీ మా భయం ఆవిడకి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పులిహోర డబ్బాల్లో సర్దుకుని ఎవరిళ్లకి వాళ్లు పోయారు. నాకు ఆంటీ మీద ఒళ్లు మండిపోయింది, ఆవిడ ఏడుస్తూ వెళ్తుంటే తలుపు మాత్రం తీసి పట్టుకున్నాను.

ఆ తర్వాత ఆయన ఫోను కలవలేదు. కరెంటు కోతలు మామూలే అని మా ఆయన అన్నారు. టవరు పాడైందేమో అన్నారు. నేని పని మానలేదు. మా ఇల్లంతా తుడిచింది, తుడిచిందే మళ్లీ తుడిచింది. మాతో కూర్చుని తినేది కాదు. నేను ఆఫీసులో కూర్చుని మీటింగుల మధ్య బెరెగ్‌సాస్ వార్తలు వెతికేదాన్ని. ఆ భాష నాకు రాదు, అయినా ఏ ఫొటోలో ఎర్రమొహం, తెల్లమీసం కనబడినా పెద్దది చేసి చూసేదాన్ని. నమ్మకాలు లేవని మా అమ్మాయికి లెక్చర్లిచ్చే నేను రోజూ పొద్దున్నే స్నానం చేసి దేవుడికి దండం పెట్టి ఆఫీసుకి పోయాను. ఇంకెప్పుడూ ఎవరికీ సర్‌ప్రైజ్ ఇవ్వనని మొక్కుకున్నాను.

అసలు పుట్టినరోజు మామూలు పనిరోజున వచ్చింది. ఇంటి నుంచి పని చేస్తున్నాను. నేని వంటింట్లో కూర్చుని ఫోను ఎదురుగా పెట్టుకుంది. పదకొండు దాటాక మోగింది.

ఆయన వీధిలో నడుస్తూ మాట్లాడుతున్నాడు. నడివీధిలో, పట్టపగలు. ఫోను తిప్పి చూపించాడు. చర్చి, బస్టాండు, రొట్టెల కొట్టు. దారిలో సైనికులు ఆపి పాస్‌పోర్టు అడిగితే, తానే పుట్టిన తారీఖు మీద వేలు పెట్టి చూపించాడట. వాళ్లలో ఒకడు సెల్యూట్ కొట్టి, "పోండి తాతా," అన్నాడట. నేని నవ్వుతూనే ఉంది, కళ్ల వెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి. నేను ఆవిడని కావలించుకుని నా ఏడుపు కూడా అందులో కలిపేశాను. తెనాలి ఆంటీకి ఫోను చేస్తే అవతల ఉత్త వెక్కిళ్లు.

సాయంత్రం మా ఆయన లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టారు. "బుడాపెస్ట్ నుంచి లూటన్‌కి ఫ్లైట్లు బోలెడున్నాయి. వీసా సంగతి కౌన్సిల్ వాళ్లని అడుగుదాం. ఎప్పటికి బుక్ చెయ్యమంటారు?" అని అడిగారు.

"లూటన్ నుంచి బుడాపెస్ట్‌కి," అంది నేని. "ఒకటే టికెట్టు. నాకు."

నాకు కోపం వచ్చేసింది. "అక్కడికెందుకండీ? అక్కడ ఇంకా యుద్ధం ఉంది. ఆయన్నే ఇక్కడికి రమ్మనండి. ఇప్పుడు ఎవ్వరూ ఆపరుగా! ఇన్నాళ్లూ దీనికోసమేగా కూర్చున్నారు?" అని అరిచినంత పని చేశాను.

ఆవిడ నన్ను వింతగా చూసింది, ఇన్నాళ్లూ ఒకే ఇంట్లో ఉన్న మనిషి ఇంత చిన్న సంగతిలో ఎలా పొరపడిందా అన్నట్టు.

"ఆయన వస్తాడని నేను ఎప్పుడైనా చెప్పానా?"

ఆలోచించాను. చెప్పలేదు. వస్తాడు, ఉంటాడు, ఉద్యోగం, మంచం, పీటలు, ఇవన్నీ మేం చెప్పాం. ఆవిడ వింటూ ఊరుకుంది. ఎవరైనా సరే ఇక్కడికి రావడానికే కాచుకుని ఉంటారని మా లెక్క. వీసా కోసం ఏళ్లు నిలబడి వచ్చిన వాళ్లం కదా, వేరే లెక్క మాకు రాదు.

"మా ఇంటి గుమ్మంలో ఆయన్ని తీసుకుపోతుంటే చూడలేనని వచ్చేశాను," అంది. "చూస్తే నేను బతకను. ఇవాళ్టితో ఆయన్ని ఎవరూ తీసుకుపోరు. ఇక నేను ఇంట్లో ఉండొచ్చు."

మా ఆయన లాప్‌టాప్‌లో ఊళ్ల పేర్లు అటువి ఇటు మార్చి టికెట్టు తీశారు.

లూటన్‌లో దింపడానికి నేనే వెళ్లాను. దారంతా ఆవిడ కూనిరాగాలు తీస్తూనే ఉంది. తోటలో కత్తిరింపుల కాలం దాటిపోతోందట, తీగలు ఆయన సరిగ్గా కత్తిరించడట. ఎయిర్‌పోర్టులో నన్ను గట్టిగా పట్టుకుని, "నువ్వెప్పుడు వెళ్తావు మీ జిల్లాకి?" అంది.

"సెలవు దొరికితే," అన్నాను.

"ఎవరైనా ఆపుతున్నారా?" అని నిజంగానే, నా కోసం దిగులుపడుతూ అడిగింది.

ఎవరూ ఆపట్లేదు. బ్రిటిష్ పాస్‌పోర్టు ఉంది, వీసా అక్కర్లేని ఓసీఐ కార్డుంది, నూజివీడు దాకా రోడ్డుంది. అయినా అవునని తలూపాను. పాపం అనుకుని నా చెంప నిమిరి, పెట్టె ఈడ్చుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.